డిక్రీ వచ్చింది, డబ్బు రాలేదు: ఈపీ వేసి బాకీ రాబట్టుకునే పద్ధతి

ప్రోనోటు మీద దావా వేశారు. ఏళ్ల తరబడి వాయిదాలు తిరిగారు. చివరికి ఖర్చులతో సహా డిక్రీ అయిందని ప్లీడరుగారు ఫోన్ చేశారు. నెల గడిచింది, రెండు నెలలు గడిచాయి. బాకీ ఉన్నాయన ఎదురుపడితే పలకరిస్తున్నాడు కూడా, కానీ డబ్బు ఊసెత్తడు. కోర్టు ఆఫీసులో అడిగితే ఒకటే మాట: "ఈపీ వేసుకోండి."

ఈపీ అంటే ఎగ్జిక్యూషన్ పిటిషన్, డిక్రీ అమలు కోసం వేసే దరఖాస్తు. ఆయన మీకు ఎంత ఇవ్వాలో కోర్టు తేల్చింది. దాన్ని వసూలు చేసి మీ ఇంటికి పంపే బాధ్యత మాత్రం తీసుకోలేదు. ఏ ఆస్తి మీద పడాలో, ఏ జీతం ఆపాలో మీరే చూపించాలి. చూపిస్తే కోర్టు ఉత్తర్వు ఇస్తుంది, అమీనా (కోర్టు ఉత్తర్వులు అమలు చేసే ఉద్యోగి) కదులుతాడు. చూపించకపోతే ఫైలు అక్కడే ఉంటుంది. ఈ దేశంలో కక్షిదారు కష్టాలు డిక్రీ వచ్చాకే మొదలవుతాయని ప్రీవీ కౌన్సిల్ 1872లోనే అంది. ఇప్పటికీ పెద్దగా మారింది లేదు. దేశంలో 8.8 లక్షలకు పైగా ఈపీలు పెండింగులో ఉన్నాయని 2025లో సుప్రీంకోర్టు ముందుకు లెక్కలు వచ్చాయి. అయినా కొందరికి డబ్బు త్వరగానే వస్తుంది. అదృష్టం మాట అలా ఉంచితే, అలాంటివాళ్లు చాలావరకు ఈపీ వేసే ముందే హోంవర్క్ పూర్తి చేసుకున్నవాళ్లు.

ఇక్కడ చెప్పేది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సివిల్ కోర్టుల్లో వచ్చే డబ్బు డిక్రీల గురించి. లోక్ అదాలత్ అవార్డును కూడా సివిల్ కోర్టు డిక్రీగానే చూస్తారు కాబట్టి దానికీ ఇదే దారి.

మొదటి మెట్టు: డిక్రీ కాపీ తెచ్చుకుని అక్షరం అక్షరం చదవండి

తీర్పు వేరు, డిక్రీ వేరు. తీర్పులో కారణాలు ఉంటాయి. డిక్రీలో ఎంత, ఎవరు, ఎవరికి, ఏ వడ్డీతో, ఖర్చులెంత అన్నది ఉంటుంది. రెండింటికీ సర్టిఫైడ్ కాపీ కోసం దరఖాస్తు పెట్టండి. చేతికి రాగానే చూడాల్సినవి: బాకీదారు పేరు, తండ్రి పేరు, చిరునామా, అసలు మొత్తం, దావా తేదీ నుంచి డిక్రీ తేదీ వరకు వడ్డీ, ఆ తర్వాత వడ్డీ, ఖర్చుల పట్టీ. తండ్రి పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా రేపు జీతం ఆపమన్న ఉత్తర్వు వెళ్లినప్పుడు "ఈ పేరుతో మా దగ్గర ఎవరూ లేరు" అని తిరిగొస్తుంది. ఇలాంటి గుమస్తా పొరపాట్లను సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 152 కింద అదే కోర్టు సరిచేస్తుంది. ఈపీ వేశాక గుర్తిస్తే ఆలస్యమే మిగులుతుంది, ఎందుకంటే డిక్రీని అమలు చేసే కోర్టు డిక్రీలోని మాటను మార్చలేదు.

అవతలివాళ్లు అప్పీలుకు వెళ్తారని అనుమానం ఉంటే పై కోర్టులో కేవియట్ (మాకు చెప్పకుండా ఉత్తర్వు ఇవ్వవద్దనే దరఖాస్తు) వేయండి. అది 90 రోజులు పనిచేస్తుంది. మీకు తెలియకుండా స్టే తెచ్చుకునే అవకాశం తగ్గుతుంది. "అప్పీలు వేశాం, ఇక మీరేం చేయలేరు" అని బాకీదారు చెప్పే మాటకు మాత్రం కంగారు పడకండి. అప్పీలు వేసినంత మాత్రాన డిక్రీ ఆగదు. విడిగా స్టే ఉత్తర్వు ఉంటేనే ఆగుతుంది. డబ్బు డిక్రీకి స్టే ఇచ్చేటప్పుడు కోర్టులు మామూలుగా కొంత మొత్తం డిపాజిట్ చేయమంటాయి. ఆ డిపాజిట్ మీకు మంచిదే.

ఈపీకి గడువు డిక్రీ తేదీ నుంచి 12 ఏళ్లు. ఆ లోపు ఎన్ని ఈపీలైనా వేయవచ్చు. ఒకటి కొట్టేసినా మరోటి వేయవచ్చు. 12 ఏళ్లు దాటాక కొత్తది చెల్లదు. గడువు ఇంత ఉంది కదా అని నిదానించడం తప్పు. రెండేళ్లు దాటితే, కోడ్‌లో డిక్రీల అమలు గురించిన ఆర్డర్ 21 రూల్ 22 కింద ముందుగా నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసు అందేలోపు స్థలం బావమరిది పేరు మీదికి వెళ్లిపోతుంది.

రెండో మెట్టు: ఆస్తుల ఆరా

అసలు పని ఇది. ప్లీడరుగారు చేయలేరు, మీరే చేయాలి. ఊళ్లో ఆయన సంగతి మీకే ఎక్కువ తెలుసు.

మీ దగ్గరున్న కాగితాల నుంచే మొదలుపెట్టండి. ఆయన ఎప్పుడైనా మీకు చెక్కు ఇచ్చాడా? చెల్లకపోయినా సరే, దాని మీద బ్యాంకు, బ్రాంచి, ఖాతా నంబరు ఉంటాయి. మీరు అప్పు బ్యాంకు ద్వారా పంపారా? ఆయన రెండు నెలల వడ్డీ ఫోన్‌పేలో వేశాడా? మీ స్టేట్‌మెంటులో ఆ వివరాలు దొరుకుతాయి. దావాలో ఆయన వేసిన కౌంటరు, సాక్ష్యం చెప్పినప్పుడు క్రాస్‌లో ఒప్పుకున్న మాటలు మళ్లీ చదవండి. "నాకు మూడెకరాల మాగాణి ఉంది, ఈయన దగ్గర అప్పు చేయాల్సిన ఖర్మ నాకేంటి" అని బోనులో నిలబడి గొప్పలు చెప్పినవాళ్లు ఉంటారు. ఆ వాంగ్మూలమే ఇప్పుడు మీకు పనికొచ్చేది.

తర్వాత స్థిరాస్తి. ఇళ్లు, స్థలాలకు రిజిస్ట్రేషన్ శాఖ నుంచి ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించండి. ఊరికే గత ఏడాదికి కాదు, కనీసం దావా వేయడానికి కొన్నేళ్ల ముందు నుంచి. ఎప్పుడు కొన్నాడు, ఎవరికి గిఫ్టు డీడు రాశాడు, ఏ బ్యాంకుకు తాకట్టు పెట్టాడు అన్నది అందులో తెలుస్తుంది. పొలమైతే ఆంధ్రాలో మీభూమిలో అడంగల్, 1బి చూడండి. తెలంగాణలో ధరణి స్థానంలో వచ్చిన భూభారతిలో చూడండి. ఇంటి పన్ను ఎవరి పేరు మీద వస్తోందో పంచాయతీలోనో మున్సిపాలిటీలోనో అడగండి. సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు రాసుకోండి. ఈపీ షెడ్యూలులో ఇవి తప్పనిసరి.

ఇక రాబడి. ఉద్యోగం చేస్తున్నాడా? ఏ ఆఫీసు, ఏ హోదా, జీతం బిల్లు ఎవరు పెడతారు? ఇల్లు అద్దెకిచ్చాడా? అద్దెకున్నది ఎవరు? చిట్టీ వేస్తున్నాడా, పాడాడా? కాంట్రాక్టు పనులు చేస్తుంటే ఏ శాఖలో బిల్లు రావాలి? ఇతరుల దగ్గరి నుంచి ఆయనకు రావాల్సిన డబ్బును పట్టుకోవడం ఆయన ఇంట్లోని బీరువాను జప్తు చేయడం కన్నా వంద రెట్లు నయం.

ఇంత వెతికినా ఏమీ దొరక్కపోతే ఆర్డర్ 21 రూల్ 41 ఉంది. డిక్రీ అయి 30 రోజులైనా డబ్బు కట్టకపోతే, తన ఆస్తులన్నీ అఫిడవిట్‌లో చెప్పమని బాకీదారును ఆదేశించాలని కోర్టును కోరవచ్చు. ఆయన్ని పిలిపించి ప్రమాణం చేయించి ప్రశ్నలడగవచ్చు. ఆదేశాన్ని ఖాతరు చేయకపోతే మూడు నెలల దాకా సివిల్ జైలు. మన కోర్టుల్లో దీన్ని వాడుకునేవాళ్లు తక్కువ. నేరుగా అరెస్టు పిటిషన్ వేయడం మీదే అందరికీ మోజు. నా ఉద్దేశంలో ఆ వరస తప్పు. ముందు అఫిడవిట్ అడగండి. అందులో ఆయన అబద్ధం చెబితే తర్వాత జరిగే అరెస్టు విచారణలో అదే మీకు సాక్ష్యం.

మూడో మెట్టు: లెక్క కట్టండి

డిక్రీ మొత్తానికీ ఈపీ మొత్తానికీ తేడా ఉంటుంది. ఒక ఉదాహరణ చూద్దాం. 2021 మార్చి 10న 2,60,000 రూపాయలకు దావా వేశారు. అందులో అసలు 2,00,000. 2023 మార్చి 10న డిక్రీ అయింది. అసలు మీద దావా తేదీ నుంచి డిక్రీ వరకు ఏడాదికి 12 శాతం, ఆ తర్వాత 6 శాతం వడ్డీ. ఖర్చులు 18,400. ఈపీ వేస్తున్నది 2025 మార్చి 10న.

దావా మొత్తం 2,60,000. మొదటి రెండేళ్ల వడ్డీ 48,000. తర్వాతి రెండేళ్ల వడ్డీ 24,000. ఖర్చులు 18,400. మొత్తం 3,50,400. వడ్డీని 2,60,000 మీద కాదు, డిక్రీలో చెప్పినట్లు అసలు మీదే కట్టామని గమనించండి. ఇక్కడ పొరపాటు చేస్తే ఈపీ ఆఫీసు అభ్యంతరంతో రిటర్న్ అవుతుంది, లేదా అవతలి ప్లీడరు దాన్నే పట్టుకుని వాయిదాలు లాగుతాడు.

మధ్యలో ఆయన కొంత కట్టి ఉంటే, డిక్రీలో వేరేలా చెప్పకపోతే, ముందు వడ్డీకి, తర్వాత ఖర్చులకు, చివర్న అసలుకు జమ చేసుకోవాలి. కట్టిన ప్రతి రూపాయినీ ఈపీలో చూపించండి. దాస్తే మీ మాట మీద జడ్జిగారికి నమ్మకం పోతుంది.

నాలుగో మెట్టు: ఈపీ ఎక్కడ, ఎలా

డిక్రీ ఇచ్చిన కోర్టులోనే ఈపీ వేయాలి. ఆస్తి వేరే కోర్టు పరిధిలో ఉంటే సెక్షన్ 39 కింద డిక్రీని అక్కడికి ట్రాన్స్‌ఫర్ చేయించుకోవాలి. తెనాలిలో డిక్రీ, కూకట్‌పల్లిలో ఫ్లాటు అయితే తెనాలి కోర్టు ఆ ఫ్లాటును వేలం వేయలేదు. ప్రభుత్వోద్యోగి జీతం విషయంలో మాత్రం ఆ ఇబ్బంది లేదు. జీతమిచ్చే అధికారి ఎక్కడున్నా డిక్రీ ఇచ్చిన కోర్టు ఉత్తర్వు పంపవచ్చు. ప్రైవేటు ఉద్యోగి అయితే జీతమిచ్చే అధికారి ఆ కోర్టు పరిధిలో ఉండాలి. ఇంకో చిక్కు స్మాల్ కాజ్ (చిన్న మొత్తాల) దావాల్లో వస్తుంది. స్మాల్ కాజ్ కోర్టు స్థిరాస్తి మీద డిక్రీ అమలు చేయలేదు. ఇల్లో పొలమో జప్తు చేయాలంటే దాన్ని మామూలు సివిల్ కోర్టుకు ట్రాన్స్‌ఫర్ చేయించాల్సిందే.

పిటిషన్‌లో దావా నంబరు, పార్టీల పేర్లు, డిక్రీ తేదీ, అప్పీలు ఉందా లేదా, ముందు వేసిన ఈపీల వివరాలు, ఇప్పటిదాకా వచ్చిన డబ్బు, రావాల్సింది, ఏ రూపంలో అమలు కోరుతున్నారు అనే గడులు ఉంటాయి. ఒకే ఈపీలో అన్ని రూపాలూ అడిగేద్దాం అనిపిస్తుంది. చట్టం పూర్తిగా కాదనదు గానీ, ఒకేసారి మనిషినీ ఆస్తినీ పట్టుకోవడానికి కోర్టు ఒప్పుకోకపోవచ్చు. గట్టిగా ఉన్న ఒక దారి ఎంచుకోండి.

బాకీదారుతో పాటు జామీనుదారు మీద కూడా డిక్రీ ఉంటే ముందు అసలు బాకీదారు వెంటే పడాలన్న నియమం లేదు. ఎవరి దగ్గర డబ్బుంటే వాళ్ల మీద వేయండి.

ఈపీని ఆరు నెలల్లో తేల్చాలని సుప్రీంకోర్టు 2021లో రాహుల్ షా కేసులో చెప్పింది, 2025లో మళ్లీ గట్టిగా చెప్పింది. వాయిదా మీద వాయిదా పడుతుంటే ప్లీడరుగారిని ఆ తీర్పుతో మెమో వేయమనండి. ఆలస్యానికి చాలాసార్లు కారణం కోర్టు కాదు, ప్రాసెస్ ఫీజు కట్టకపోవడం. నోటీసుకు బత్తా కట్టలేదని ఈపీ కొట్టేసిన సందర్భాలు బోలెడు. ఈ-కోర్ట్స్ యాప్‌లో మీ కేసు సీఎన్ఆర్ నంబరు వేసి ప్రతి వాయిదా తర్వాత ఏం రాశారో చూడండి. "స్టెప్స్ తీసుకోలేదు" అన్న అర్థం వచ్చే మాట కనిపిస్తే అదే రోజు ఫోన్ చేయండి.

ఐదో మెట్టు: ఏ దారిలో పట్టుకోవాలి

ఉద్యోగస్థుడైతే జీతం. దీన్ని మించింది లేదు. నెల జీతంలో మొదటి వెయ్యి రూపాయలు, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు ముట్టుకోకూడదు. మిగిలిన మూడో వంతు మీది. లెక్కకు తీసుకునే జీతం 43,000 అనుకుంటే వెయ్యి తీసేసి 42,000, అందులో మూడో వంతు 14,000. ప్రభుత్వోద్యోగులకు నోటిఫై చేసిన కొన్ని అలవెన్సులను ఈ లెక్కలోంచి తీసేస్తారు. ఉత్తర్వు జీతం బిల్లు పెట్టే అధికారికి వెళ్తుంది. ఆయన ప్రతి నెలా ఆపి కోర్టుకు పంపాలి. పంపకుండా జీతమంతా ఉద్యోగికి ఇచ్చేస్తే ఆ మొత్తానికి ఆ యాజమాన్యమే జవాబుదారు. ప్రైవేటు కంపెనీకి కూడా ఇదే వర్తిస్తుంది.

ఒక పరిమితి ఉంది. ఒకే డిక్రీ కింద జీతాన్ని మొత్తం మీద 24 నెలలే ఆపగలరు. పై లెక్కలో 24 నెలలకు 3,36,000 వస్తుంది. మన 3,50,400లో ఇంకా 14,400, దాని మీద నడిచిన వడ్డీ మిగిలిపోతాయి. వాటికి ఇంకో దారి చూసుకోవాలి. ఇంకొకరు ముందే అదే జీతాన్ని ఆపించి ఉంటే మీ ఉత్తర్వు వరుసలో నిలబడాలి. అందుకే ఊళ్లో నలుగురికి బాకీ ఉన్న ఉద్యోగి విషయంలో ఒక్క నెల ఆలస్యం రెండు మూడేళ్ల ఆలస్యమవుతుంది. పింఛను, గ్రాట్యుటీ, పీఎఫ్, కూలీల దినసరి వేతనం జోలికి వెళ్లలేరు.

మూడో మనిషి దగ్గరున్న డబ్బు. దీన్ని గార్నిషీ అంటారు, రూల్ 46ఏ. బ్యాంకు ఖాతా, చిట్టీ పాట డబ్బు, కిరాయిదారు ఇవ్వాల్సిన అద్దె, కాంట్రాక్టు బిల్లు అన్నీ ఇందులోకే వస్తాయి. కోర్టు వాళ్లకు నోటీసు ఇస్తుంది: ఆ డబ్బు బాకీదారుకు ఇవ్వకండి, కోర్టులో కట్టండి. కాదనకుండా, కట్టకుండా ఊరుకుంటే వాళ్ల మీదే డిక్రీ ఉన్నట్లుగా అమలు చేయవచ్చు. "మేం ఆయనకు ఏమీ ఇవ్వక్కర్లేదు" అని తగాదా పెడితే దాన్ని విచారించి తేలుస్తారు. బ్యాంకు ఖాతా విషయంలో సమయం ముఖ్యం. ధాన్యం డబ్బు పడే వారం, బిల్లు శాంక్షన్ అయ్యే నెల మీకు తెలిస్తే ఉత్తర్వు అప్పటికి అందేలా చూసుకోండి. ఖాళీ ఖాతాను జప్తు చేసి లాభం లేదు.

స్థిరాస్తి. దీనికి ఓపిక కావాలి, అయినా పెద్ద మొత్తాలకు ఇదే దిక్కు. మొదట రూల్ 54 కింద అటాచ్‌మెంట్, అంటే జప్తు. అమీనా వెళ్లి దండోరా వేయించి, ఉత్తర్వు కాపీని ఆస్తి మీద, కోర్టు నోటీసు బోర్డు మీద అంటిస్తాడు. ఆ కాపీ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు కూడా పంపమని కోర్టును అడిగి తీసుకోండి. ఈసీలో కనిపిస్తే కొనేవాడు వెనక్కి తగ్గుతాడు. జప్తు తర్వాత బాకీదారు చేసే అమ్మకం మీ డిక్రీ వరకు చెల్లదు. జప్తుకు ముందే రిజిస్టరైన అగ్రిమెంటు ఉంటే మాత్రం కథ వేరు. ఈపీ ఏ కారణంగానైనా కొట్టేస్తే జప్తు కూడా పోవచ్చు. జప్తు కొనసాగుతుందని ఉత్తర్వులో రాయించుకోండి.

తర్వాత వేలం. రూల్ 66 కింద ప్రకటన తయారవుతుంది. ఆస్తి విలువ మీరూ చెబుతారు, ఆయనా చెబుతాడు. ఆయన చెప్పేది ఎప్పుడూ మీరు చెప్పినదానికి మూడింతలు ఉంటుంది. బాకీ తీరడానికి ఎంత అవసరమో అంతే అమ్మాలి. కొన్ని వేల రూపాయల డిక్రీ కోసం పదెకరాల పొలం మొత్తం వేలం వేయడాన్ని 1989లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. కాబట్టి షెడ్యూలులో అరెకరం సరిపోతుంటే అరెకరమే పెట్టండి. ప్రకటనకూ వేలానికీ మధ్య కనీసం 15 రోజులు ఉండాలి. పాడుకున్నవాడు అక్కడికక్కడే 25 శాతం, 15 రోజుల్లో మిగతా మొత్తం కట్టాలి. మీరే పాడాలనుకుంటే ముందుగా కోర్టు అనుమతి తీసుకోవాలి. అనుమతి వస్తే మీకు రావాల్సిన డబ్బును పాటలో సర్దుకోవచ్చు. వేలం అయ్యాక కూడా బాకీదారుకు 60 రోజులు ఉంటాయి. బాకీ మొత్తం, దాంతోపాటు పాడుకున్నవాడికి 5 శాతం కడితే అమ్మకం రద్దవుతుంది. చాలామంది సరిగ్గా ఇక్కడే డబ్బు తెస్తారు. పదేళ్లుగా లేని డబ్బు ఇల్లు పోతుందంటే రెండు వారాల్లో పుడుతుంది.

రైతు, కూలీ తానుంటున్న ఇంటిని జప్తు చేయలేరు. పట్నంలో వ్యాపారి ఇంటికి ఆ రక్షణ లేదు. పొలం పనిముట్లు, పశువులు, విత్తనాలు, వంటపాత్రలు, పరుపులు, చేతివృత్తివాళ్ల పరికరాలు, ఆడవాళ్ల మంగళసూత్రం లాంటివి ముట్టుకోకూడదు. బ్యాంకు తాకట్టులో ఉన్న ఆస్తి అయితే ముందు బ్యాంకు బాకీ తీరాలి. తర్వాతేమైనా మిగిలితేనే మీకు.

చరాస్తి గురించి ఎక్కువ చెప్పను. పాత బైకు, ఫ్రిజ్, టీవీ జప్తు చేస్తే వేలంలో వచ్చేది మీ ఖర్చులకు సరిపోదు. మంచి కారు ఉంటే, ఫైనాన్స్ లేకపోతే ఆలోచించండి.

ఇక అరెస్టు. మన కోర్టుల్లో ఎక్కువగా వినిపించేదీ, ఎక్కువగా అపార్థం చేసుకునేదీ ఇదే. డబ్బు కట్టలేదని ఎవరినీ జైల్లో వేయరు. కట్టగలిగి కూడా కట్టనివాడినే వేస్తారు. 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ ఈ గీత స్పష్టంగా గీశారు. పేదరికం నేరం కాదు. స్తోమత ఉందని, అయినా ఎగ్గొడుతున్నాడని, లేదా ఆస్తులు తప్పించాడని మీరు రుజువు చేయాలి. ఈపీతో పాటు ఆ కారణాలు చెప్పే అఫిడవిట్ వేయాలి. ముందు నోటీసు, తర్వాత కౌంటరు, విచారణ. ఇక్కడ "ఆయనకు బాగా ఆస్తులున్నాయి" అన్న ఒక్క ముక్క చెప్పి దిగితే పిటిషన్ పోయినట్లే. డిక్రీ తర్వాత కొన్న కారు, కట్టిన మేడ, కాలేజీ ఫీజు రసీదు, వేరొకరికి తీర్చిన అప్పు, పాడిన చిట్టీ లాంటి తేదీ ఉన్న ఆధారాలు కావాలి.

ఆడవాళ్లను డబ్బు డిక్రీ కింద అరెస్టు చేయకూడదు, సెక్షన్ 56. డిక్రీ మొత్తం 5,000 దాటితే జైలు మూడు నెలల వరకు ఉండవచ్చు. 2,000 లోపైతే అసలు లేదు. సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు అమీనా ఇంట్లోకి వెళ్లకూడదు. జైల్లో ఉన్నన్నాళ్లూ తిండి ఖర్చు మీరే కట్టాలి. ఇది విని చాలామంది ముఖం చిన్నబుచ్చుకుంటారు. విడుదలయ్యాక బాకీ అలాగే ఉంటుంది, కానీ అదే డిక్రీ మీద మళ్లీ అరెస్టు చేయించలేరు. అందుకే దీన్ని చివరికి అట్టిపెట్టుకోండి. వారంట్ బయటికి వచ్చాక, ఆ మనిషిని కోర్టుకు తెచ్చేలోపు బంధువులు డబ్బు పట్టుకొచ్చే సందర్భాలే ఎక్కువ. ఆయన మొత్తం, ఖర్చులు అమీనాకు కట్టేస్తే అక్కడే వదిలేయాలి.

డిక్రీ కాపీ పట్టుకుని పోలీస్ స్టేషన్‌కు వెళ్లే ఆలోచన ఉంటే మానుకోండి. అది వాళ్ల పని కాదు. పెద్దమనుషుల పేరుతో ఇంటి మీదికి మనుషుల్ని పంపితే మీ మీదే క్రిమినల్ కేసు పడుతుంది. అప్పుడు రాజీకి బేరం పెట్టేది ఆయన.

ఆరో మెట్టు: అవతలివాళ్ల ఎత్తులు

అందరూ వేసే ఎత్తు, ఆస్తిని భార్య పేరునో కొడుకు పేరునో రాసేయడం. జప్తు చేశాక వాళ్లు వచ్చి రూల్ 58 కింద క్లెయిమ్ పిటిషన్ వేస్తారు. బాకీ ఎగ్గొట్టడానికే రాసిన కాగితమని మీరు అందులోనే వాదించవచ్చు. గిఫ్టు డీడు తేదీ దావా నోటీసు అందిన వారంలోనే ఉండటం, రాశాక కూడా కరెంటు బిల్లు ఆయనే కట్టడం లాంటివి ఇక్కడ మాట్లాడతాయి.

రెండోది ఐపీ. మనవాళ్లు దివాలా తీశాడనే బదులు ఐపీ పెట్టాడంటారు కదా, అదే. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం కింద కోర్టు ఆయన్ని దివాలాదారుగా ప్రకటిస్తే ఆస్తి అప్పులవాళ్లందరి కోసం కోర్టు చేతిలోకి వెళ్తుంది. మీరు కూడా మీ బాకీ రుజువు చేసుకుని వాటా తీసుకోవాలి. ఐపీ నోటీసు వచ్చిందని చింపి పారేయకండి. హాజరై అడ్డుకోండి. ఆస్తులు దాచాడని, ఐపీ వేయడానికి ముందు రెండేళ్లలో ఊరికే రాసిచ్చిన కాగితాలున్నాయని చూపితే అవి రద్దయ్యే వీలుంది. ఐపీ వేసినంతలోనే ఈపీ ఆగిపోదని కూడా గుర్తుంచుకోండి.

మూడోది వాయిదాల బేరం. "నెలకు రెండు వేలు కడతాను." డిక్రీ అయ్యాక మీరు ఒప్పుకోకుండా కోర్టు వాయిదాల పద్ధతి పెట్టకూడదు, ఆర్డర్ 20 రూల్ 11. బేరం మీ చేతుల్లో ఉంది. ఒప్పుకోదల్చుకుంటే మొదటి విడత పెద్దగా అడగండి, ఒక్క విడత తప్పినా మొత్తం ఒకేసారి వసూలు చేసుకునే షరతు రాయించండి. ఎవరైనా కాస్త తక్కువకు నగదు ఇప్పుడే ఇస్తానంటే, నా సలహా, ఎక్కువసార్లు తీసుకోవడమే మేలు. మూడేళ్ల తర్వాత వచ్చే పూర్తి మొత్తం కోసం తిరిగే ఖర్చు, టెన్షన్ కూడా లెక్కలో వేసుకోండి.

బాకీదారు చనిపోతే ఈపీ వారసుల మీద నడుస్తుంది, కానీ ఆయన నుంచి వాళ్లకు వచ్చిన ఆస్తి మేరకే. కొడుకు సొంత జీతం ఆపలేరు. బాకీదారు డల్లాస్ వెళ్లిపోయినా ఇక్కడున్న ఆయన ప్లాటు మీద ఈపీకి అడ్డేమీ లేదు. దీనికి తిరగేసిన పరిస్థితి కూడా మనవాళ్లకు వస్తుంది: డిక్రీ విదేశంలో, ఆస్తి ఇక్కడ. కేంద్రం నోటిఫై చేసిన దేశాల్లో, నోటిఫై చేసిన కోర్టుల డిక్రీ అయితే సెక్షన్ 44ఏ కింద నేరుగా ఇక్కడి జిల్లా కోర్టులో అమలు చేయించుకోవచ్చు. సింగపూర్ ఆ జాబితాలో ఉంది, యూఏఈ 2020లో చేరింది. అమెరికా లేదు. అక్కడి తీర్పు ఆధారంగా ఇక్కడ మూడేళ్లలోగా కొత్త దావా వేయాలి.

చివరి మెట్టు: డబ్బు తీసుకోవడం, ఫైలు మూయడం

జీతం నుంచైనా వేలం నుంచైనా డబ్బు ముందు కోర్టు ఖాతాలో పడుతుంది. దానంతటది మీ ఖాతాకు రాదు. చెక్ పిటిషన్ వేసి, గుర్తింపు కార్డు, బ్యాంకు పాస్‌బుక్ కాపీ ఇచ్చి తీసుకోవాలి. ఇదే బాకీదారు మీద ఇతరుల డిక్రీలు కూడా ఉండి, డబ్బు కోర్టుకు రాకముందే వాళ్లు దరఖాస్తు పెట్టి ఉంటే సెక్షన్ 73 ప్రకారం అందరికీ దామాషాలో పంచుతారు.

బయట నేరుగా డబ్బు చేతికిచ్చినప్పుడు రసీదు ఒక్కటే చాలదు. కోర్టులో మెమో వేసి రికార్డు చేయించాలి, రూల్ 2. మీరు తీసుకుని రికార్డు చేయించకపోతే బాకీదారు 30 రోజుల్లో దరఖాస్తు పెట్టుకోవాలి. రికార్డు కాని చెల్లింపును ఈపీ కోర్టు లెక్కలోకి తీసుకోదు. ఈ సంగతి బాకీ ఉన్నవాళ్లు కూడా చదువుతుంటే మీకే ఎక్కువ ముఖ్యం. ఫోన్‌పేలో కట్టేసి హాయిగా కూర్చోకండి.

మొత్తం వచ్చేశాక ఫుల్ శాటిస్‌ఫాక్షన్ మెమో వేయండి. అటాచ్‌మెంట్ ఎత్తేసినట్లు సబ్ రిజిస్ట్రార్‌కూ, జీతం ఆపడం మానేయమని ఆఫీసుకూ ఉత్తర్వులు వెళ్లాయో లేదో చూడండి. ఒక నెల ఎక్కువ కోత పడితే ఆ 14,000 మీరు తిరిగి కట్టాల్సిందే.

మీ గెలుపు వినియోగదారుల కమిషన్‌లో వచ్చిందైతే దారి కొంచెం సులువు. 2019 చట్టం సెక్షన్ 71 కింద ఇదే ఆర్డర్ 21 పద్ధతిలో వసూలు కోరవచ్చు. సెక్షన్ 72 కింద ఉత్తర్వు పాటించనందుకు నెల నుంచి మూడేళ్ల వరకు జైలు, లేదా 25,000 నుంచి లక్ష వరకు జరిమానా, లేదా రెండూ కోరవచ్చు. కంపెనీల మీద వచ్చిన ఉత్తర్వులకు రెండో సెక్షన్ బాగా పనిచేస్తుంది. డైరెక్టర్లకు వారంట్ వస్తుందంటే వాళ్ల లీగల్ విభాగం తనంతట తానే మీకు ఫోన్ చేస్తుంది.